పక్కనుంచి దాటిపోయే బంటును పట్టుకోవడం: ఎన్ పాసాంట్ ఎప్పుడు పనికొస్తుంది, ఎప్పుడు ముంచుతుంది

మీరు రాసింది క్లుప్తంగా ఇదీ: కూకట్‌పల్లిలో ఆదివారం పిల్లల ర్యాపిడ్ (తక్కువ సమయంలో ముగిసే) చదరంగం పోటీలో మీ అబ్బాయి తన బంటును రెండు గళ్లు ముందుకు జరిపాడు. ఎదుటి అమ్మాయి తన బంటును ఏటవాలుగా ఖాళీ గడిలో పెట్టి, పక్కనున్న మీవాడి బంటును ఎత్తేసింది. ఆర్బిటర్ (పోటీ న్యాయనిర్ణేత) అది సరైన ఎత్తే అన్నారు. ఇంటికొచ్చాక తాతయ్యగారు ‘అలాంటి రూలే లేదు’ అన్నారు. ఇది నిజంగా నిబంధనేనా, నిజమైతే దీంతో ఒరిగేదేమిటి అని మీ ప్రశ్న.

నిబంధనే. ఫిడే (అంతర్జాతీయ చదరంగ సమాఖ్య) నియమావళిలో బంటు కదలికల గురించి చెప్పే 3.7లోనే ఉంది. దీని పేరు ఎన్ పాసాంట్. ఫ్రెంచి మాట, ‘దాటిపోతుండగా’ అని అర్థం. మన దగ్గర పిల్లలు ఎన్ పాసెంట్ అనీ, ఎన్ పాసాంట్ అనీ రెండు రకాలుగానూ అంటారు. ఏదన్నా ఆర్బిటర్‌కు అర్థమవుతుంది.

ముందు గళ్ల పేర్ల సంగతి. నిలువు వరుసలు తెల్లవాళ్ల ఎడమ నుంచి ఏ, బీ, సీ, డీ, ఈ, ఎఫ్, జీ, హెచ్. తెల్లవాళ్ల వైపు నుంచి అడ్డు వరుసలు 1 నుంచి 8. కింద ఏనుగు అంటే మూలనుండేది, శకటు అంటే ఏటవాలుగా నడిచేది (పాతబస్తీలో ఊంట్ అనేది దీన్నే), మంత్రి అంటే వజీర్.

షరతులు ఇవి. మీ బంటు, తెల్లదైతే ఐదో అడ్డు వరుసలో, నల్లదైతే నాలుగో వరుసలో ఉండాలి. ఎదుటివాడి బంటు తన మొదటి గడి నుంచి ఒకే ఎత్తులో రెండు గళ్లు దూకి సరిగ్గా మీ బంటు పక్కన ఆగాలి. అప్పుడు, ఆ వెంటనే వచ్చే మీ ఎత్తులో మాత్రమే, అది ఒక్క గడే వచ్చి ఆగినట్టు భావించి మీ బంటుతో కొట్టొచ్చు. ఉదాహరణకు తెల్ల బంటు ఈ5లో ఉంది, నల్ల బంటు డీ7 నుంచి డీ5కు దూకింది. తెల్ల బంటు డీ6లోకి వెళ్తుంది, డీ5లోని నల్ల బంటు బోర్డు దిగిపోతుంది. చదరంగంలో కొట్టినది ఒక గడిలో, కొట్టించుకున్నది ఇంకో గడిలో ఉండే సందర్భం ఇదొక్కటే. మీవాడికి మోసంలా కనిపించడంలో వింతేమీ లేదు.

నల్ల బంటు ముందు డీ6కు వచ్చి, తర్వాతి ఎత్తులో డీ5కు వస్తే ఈ హక్కు రాదు. ఒక ఎత్తు ఆగి కొడదాం అన్నా కుదరదు. గుర్రంతోనో మంత్రితోనో ఇలా కొట్టలేరు. పిల్లల పోటీల్లో గొడవలన్నీ దాదాపు ఈ మూడింటి చుట్టూనే నడుస్తాయి.

అసలు ఎందుకు పెట్టారంటే: పాత ఆటలో బంటుకు ఒక్క గడే నడక. ఆట మొదలవడం మరీ నిదానంగా ఉందని ఐరోపాలో మొదటి ఎత్తుకు రెండు గళ్లు ఇచ్చారు. దాంతో చిక్కొచ్చింది. ఈ5 దాకా కష్టపడి వచ్చిన తెల్ల బంటు డీ6ను కాపలా కాస్తోంది. నల్ల బంటు డీ6లో అడుగుపెడితే చచ్చేది, కానీ దాని మీద నుంచి దూకి దర్జాగా డీ5లో కూర్చుంటోంది. టోల్ గేటును ఎగిరి దాటినవాడికి రుసుము మాఫీ చేసినట్టు. ఆ కంత పూడ్చడానికి వచ్చిందే ఈ నిబంధన. ఇటలీలో మాత్రం బంటు అలా తప్పించుకుపోవడాన్ని చాలాకాలం ఒప్పుకున్నారు. 1880లో వాళ్లూ మిగతా ఐరోపా దారికి వచ్చారు.

తాతయ్యగారిదీ తప్పనలేం. దేశవాళీ చదరంగంలో బంటు మొదటి ఎత్తయినా ఒక్క గడే నడిచే పద్ధతి ఉండేది. రెండు గళ్ల దూకుడే లేనిచోట దాన్ని పట్టుకునే నిబంధన ఎందుకుంటుంది? 1929, 1932, 1933లలో బ్రిటిష్ ఛాంపియన్ అయిన మీర్ సుల్తాన్ ఖాన్ కూడా ముందు దేశవాళీ ఆట నేర్చుకుని, ఆ తర్వాతే ఐరోపా నిబంధనలు పట్టినవాడు. కాబట్టి ఇంట్లో తాతా మనవళ్లు ఏ పద్ధతిలో ఆడుతున్నారో ముందే అనుకుంటే పేచీ ఉండదు.

ఇక ఉపయోగం. చాలామంది దీన్ని ‘ఊరికే ఒక బంటు దొరికే కిటుకు’ అనుకుంటారు. సాధారణంగా అలా దొరకదు. కొట్టిన బంటు ఆరో వరుసలోకి వెళ్లి నిలబడుతుంది, అక్కడ దాన్ని తిరిగి కొట్టేవాళ్లు సిద్ధంగా ఉంటారు. అంటే మామూలు బంట్ల మార్పిడే. నా దృష్టిలో దీని అసలు బలం కొట్టడంలో కన్నా, కొట్టగలనన్న బెదిరింపులో ఉంది. ఐదో వరుసకు చేరిన తెల్ల బంటు, అటూ ఇటూ ఉన్న రెండు నల్ల బంట్లకు తాళం వేసేస్తుంది. అవి ఒక గడి కదిలినా దెబ్బే, రెండు గళ్లు కదిలినా దెబ్బే.

దీన్ని బోర్డు మీద పెట్టి చూడండి. తెల్ల బంటు జీ5లో. నల్ల బంట్లు జీ6, హెచ్7లలో. తెల్ల రాజు ఈ3లో, నల్ల రాజు డీ7లో. ఎత్తు నల్లవాళ్లది. హెచ్7 బంటును హెచ్5కు దూకిస్తే స్వేచ్ఛా బంటు (ఎదుటి బంట్లేవీ ఆపలేనిది) తయారైందని పైకి అనిపిస్తుంది. కానీ తెల్ల జీ5 బంటు హెచ్6లోకి వెళ్తూ దాన్ని కొట్టేస్తుంది. ఇప్పుడు తెల్ల బంటు మంత్రి కావడానికి హెచ్7, హెచ్8 అని రెండే అడుగులు. డీ7లోని రాజు ఈ7కు వచ్చేసరికి అది హెచ్7లో ఉంటుంది. రాజు ఎఫ్7కు వచ్చేసరికి మంత్రి అయి కూర్చుంటుంది. అదే నల్ల రాజు మొదట్లోనే ఈ7లో ఉంటే లెక్క మారిపోతుంది: ఎఫ్7, జీ7 మీదుగా సమయానికి అందుకుంటుంది. రాజు ఒక్క గడి అటా ఇటా అన్నదే ఆట తేల్చేస్తోంది. ఒక తెల్ల బంటు రెండు నల్ల బంట్లను పట్టి ఉంచగలగడం వెనకున్నది ఈ నిబంధనే. అది లేకపోతే హెచ్5 దూకుడు నల్లవాళ్లకు పండగ. ఆఖరి దశ ఆటల్లో రాజు దూరాన్ని లెక్కపెట్టే ముందు పక్క వరుసల్లో ఇంకా మొదటి గడి వదలని బంటు ఉందేమో చూడమని పిల్లలకు చెప్పండి. లెక్కలు తప్పేది ఎక్కువగా అక్కడే.

ప్రారంభ ఎత్తుల్లో కూడా ఇది నిత్యం వచ్చే వ్యవహారం. పెట్రాఫ్ రక్షణ అనే ప్రారంభంలో ఒక ప్రధాన దారి చూడండి. 1. తెల్ల బంటు ఈ4, నల్ల బంటు ఈ5. 2. గుర్రం ఎఫ్3, గుర్రం ఎఫ్6. 3. బంటు డీ4, దాన్ని ఈ5 బంటు కొడుతుంది. 4. బంటు ఈ5, గుర్రం ఈ4కు. 5. తెల్ల మంత్రి డీ4లోని బంటును కొడుతుంది, నల్ల బంటు డీ5కు దూకుతుంది. 6. ఈ5 బంటు డీ6లోకి వెళ్తూ కొడుతుంది, నల్ల గుర్రం డీ6లో దాన్ని తిరిగి కొడుతుంది. చూడండి, పోయిన బంట్లు చెరి రెండు. నల్లవాళ్లు బంటు పోతుందని తెలియక డీ5 ఆడలేదు, పోతుందని తెలిసే ఆడారు. ఈ4లో వేలాడుతున్న గుర్రానికి ఆసరా కావాలి. తెల్లవాళ్లు కొట్టకుండా వదిలేస్తే డీ5 బంటు అండతో ఆ గుర్రం మధ్యలో స్థిరపడిపోతుంది. అందుకే ఇక్కడ కొట్టడమే పద్ధతి.

ఫ్రెంచ్ రక్షణ అనే ప్రారంభంలో కథ ఇంకో రకం. తెల్ల బంటు ఈ5లో, శకటు డీ3లో, నల్ల రాజు కోట కట్టుకుని జీ8లో. తెల్లవాళ్ల చూపు హెచ్7 మీద. నల్లవాళ్లు ఎఫ్7 బంటును ఎఫ్5కు దూకించి డీ3 శకటు దారికి గోడ కడతారు. ఇక్కడ ఎఫ్6లో ఎన్ పాసాంట్‌గా కొడితే గోడ కూలి, శకటు దారి మళ్లీ తెరుచుకుంటుంది. కానీ కళ్లు మూసుకుని కొట్టొద్దు. ఎఫ్6లో తిరిగి కొట్టేది ఎవరో చూడాలి. నల్ల గుర్రం తిరిగి కొట్టగలిగితే అది ఎఫ్6లో కూర్చుని హెచ్7కు కాపలా కాస్తుంది. అంటే ఇంతవరకూ మీ ఈ5 బంటు ఆ గుర్రానికి ఎఫ్6ను అందకుండా ఆపుతుంటే, మీరే తలుపు తీసి పీట వేశారన్నమాట. అదే జీ7 బంటుతో తిరిగి కొట్టక తప్పని పరిస్థితి అయితే రాజు ముందు గోడే విరిగిపోతుంది, అప్పుడు కొట్టడం మంచిది. ఇంకో లాభం ఏమిటంటే, కొట్టాక ఈ6లోని నల్ల బంటు వెనకబడి, సగం తెరుచుకున్న ‘ఈ’ నిలువు వరుసలో తెల్ల ఏనుగుకు గురి అవుతుంది. కొట్టకుండా వదిలేస్తే కేంద్రం మూసుకుపోతుంది, మీకు స్థలం ఎక్కువ ఉంటుంది, తీరిగ్గా జీ4 తోసి ఎఫ్5 మీద పోరాడొచ్చు. ఏది మేలో తేల్చుకోవడానికి ఆ ఒక్క ఎత్తే వ్యవధి. అందుకే ఎదుటివాడు రెండు గళ్లు దూకాడంటే గడియారంలో ఉన్న సమయంలో కొంత అక్కడ ఖర్చు పెట్టడం దండగ కాదు. మిగతా కొట్టుళ్లు రెండు ఎత్తుల తర్వాత కూడా ఉండొచ్చు, ఇది ఉండదు.

కొట్టాక తెరుచుకునే వరుసలను కూడా చూడాలి. తెల్ల బంటు డీ5లో, నల్ల బంటు డీ6లో ఉండగా, నల్ల సీ7 బంటు సీ5కు దూకిందనుకోండి. సీ6లో కొడితే, నల్లవాళ్లు బీ7 బంటుతో తిరిగి కొడతారు. వాళ్ల ఏనుగుకు బీ వరుస తెరుచుకుంది, మధ్యలోకి ఇంకో బంటు వచ్చింది, ముందు ముందు డీ5 తోసే వీలు దొరికింది. మీకు దక్కింది డీ6 బంటు మీద ఒత్తిడి. డీ6ను వెంటనే పీడించే బలగం సిద్ధంగా లేకపోతే వదిలేయడమే నయం.

దీని అందం చూపడానికి ఒక్క ఆట చెబుతాను. 1928లో మెల్‌బోర్న్‌లో గుండర్సన్, ఫాల్ ఆడినది, ఫ్రెంచ్ రక్షణే. తెల్లవాళ్లు హెచ్7లో శకటును బలి ఇచ్చి రాజును జీ6 దాకా బయటికి లాగారు. మంత్రి జీ4కు రాగానే నల్లవాళ్లు ఎఫ్5 దూకి మంత్రినే బెదిరించారు. అక్కడ ఈ5 బంటుతో ఎన్ పాసాంట్ చేసే వీలుంది. గుండర్సన్ దాన్ని వదిలేసి హెచ్4 బంటును హెచ్5కు తోసి షా (రాజు మీద దాడి) ఇచ్చాడు. రాజు హెచ్6కు వెళ్లింది. జీ5లోని తెల్ల గుర్రం ఈ6లోని బంటును కొడుతూ పక్కకు తప్పుకోగానే సీ1 శకటు నుంచి షా. నల్లవాళ్లు దారికి అడ్డంగా జీ7 బంటును జీ5కు దూకించారు. హెచ్5 బంటు జీ6లోకి వెళ్తూ ఆ జీ5 బంటును కొట్టేసింది. మాట్, అంటే రాజుకు తప్పించుకునే దారే లేదు! ఎందుకో విడదీసి చూడండి. జీ5 బంటు మాయమైంది కాబట్టి శకటు షా మళ్లీ తగిలింది. హెచ్5 ఖాళీ అయింది కాబట్టి హెచ్1 ఏనుగు షా కూడా తగిలింది. రెండు వైపుల నుంచి షా అయితే రాజు కదలక తప్పదు, జీ4లోని మంత్రిని కొట్టే తీరికే లేదు. హెచ్7కు జీ6 బంటు కాపలా, జీ7, జీ5లకు ఈ6 గుర్రం, హెచ్5కు ఏనుగు, జీ6 బంటుకు మంత్రి అండ. ఒకే ఎత్తులో రెండు గళ్లు ఖాళీ చేసి, మూడో గడి నింపడం ఈ ఒక్క కొట్టుడుకే సాధ్యం. దీని ఆకర్షణంతా అదే.

అదే గుణం ఎదురు తిరుగుతుంది కూడా. తెల్ల రాజు ఏ5లో, తెల్ల బంటు ఈ5లో, నల్ల ఏనుగు హెచ్5లో ఉన్నాయనుకోండి. మధ్యలో ఇంకేమీ లేవు. నల్లవాళ్లు డీ7 బంటును డీ5కు దూకించారు. కొట్టొచ్చా? కొట్టకూడదు. ఐదో వరుస నుంచి డీ5, ఈ5 బంట్లు రెండూ ఒకేసారి లేచిపోతాయి, ఏనుగు నేరుగా రాజును చూస్తుంది. ఇది నిబంధన విరుద్ధమైన ఎత్తు. రెండు బంట్లు అడ్డంగా ఉన్నాయి కదా అని రాజు వెనక్కి చూడని పిల్లలు ఇక్కడే పడతారు. ఇలా చచ్చిన బంటు తొలగడం వల్ల రాజుకు షా తగలడం అడ్డు వరుసలోనే జరుగుతుంది, ఏటవాలులో జరగదు. ఎందుకంటే ఏటవాలు దారికి ఆ బంటు అడ్డొచ్చిందంటే, అంతకు ముందు ఆ దారి తెరిచే ఉండాలి, అంటే నల్లవాళ్ల వంతులో తెల్ల రాజు అప్పటికే షాలో ఉండాలి. అది అసాధ్యం. మీ బంటే ఏటవాలుగా రాజుకు అడ్డుగా ఉంటే మాత్రం మామూలు నియమమే వర్తిస్తుంది.

ఇంకో రెండు సంగతులు త్వరగా. ఎదుటివాడు బంటును రెండు గళ్లు దూకించి షా ఇచ్చి ‘మాట్’ అంటే చేయి కలిపేయకముందు పక్కన మీ బంటు ఉందేమో చూడండి. షా ఇచ్చిన బంటునే ఎన్ పాసాంట్‌తో ఎత్తేయొచ్చు. రెండోది: ఇది ఐచ్ఛికం, కానీ మీకున్న ఏకైక ఎత్తు ఇదే అయితే ఆడక తప్పదు, ‘ఎత్తులు లేవు, డ్రా’ అనడానికి లేదు. ఇంటర్నెట్‌లో ‘ఎన్ పాసాంట్ తప్పనిసరి’, ‘గూగుల్ ఎన్ పాసాంట్’ అని తిరిగే జోకులు చదివి నిజంగానే ప్రతిసారీ కొట్టాలనుకునే పిల్లలున్నారు. ఉత్త జోకులేనని చెప్పేయండి.

పోటీలో ఎలా ఆడాలన్నది వేరే పాఠం, మీవాడికి ముందుగా కావలసింది ఇదే. ఎత్తు మొత్తం ఒకే చేత్తో పూర్తి చేయాలి. ఒక చేత్తో తన బంటు, రెండో చేత్తో ఎదుటి బంటు తీసి గడియారం నొక్కితే దాన్ని నిబంధన విరుద్ధమైన ఎత్తుగానే లెక్కిస్తారు. ఎన్ పాసాంట్‌లో రెండు వేర్వేరు గళ్లు ముట్టుకోవాలి కాబట్టి ఈ తప్పు ఇక్కడ సులువుగా జరుగుతుంది. చచ్చిన బంటును బోర్డు నుంచి తీసి, తన బంటును కొత్త గడిలో వదిలాకే కొట్టుడు పూర్తయినట్టు. తీయడం మరిచి గడియారం నొక్కడం మరో మామూలు పొరపాటు.

హక్కు లేనప్పుడు ఇలా కొట్టి గడియారం నొక్కితే ఎత్తు వెనక్కి తీయిస్తారు. స్టాండర్డ్ (ఎక్కువ సమయపు ఆట), ర్యాపిడ్‌లలో మొదటి తప్పుకు ఎదుటివారికి రెండు నిమిషాలు, అతి వేగపు ఆట బ్లిట్జ్‌లో ఒక నిమిషం అదనంగా ఇస్తారు. రెండోసారి చేస్తే సాధారణంగా ఆట పోయినట్టే. పైగా ముట్టుకున్న బంటు నియమం ఉంది: ఈ5 బంటును ముట్టుకున్నాడు కాబట్టి, దానికి చెల్లే ఎత్తు ఏదైనా ఉంటే దాన్నే కదపాలి. ఎదుటి బంటును ముందు ముట్టుకుంటే, దాన్ని కొట్టగల ఇంకో పావు ఉంటే దాంతో కొట్టాలి. ర్యాపిడ్‌లో ఎదుటివాడి తప్పును మీరు పట్టించుకోకుండా మీ ఎత్తు ఆడేస్తే అది అలాగే నిలిచిపోతుంది. కాబట్టి అనుమానం ఉంటే వాదన వద్దు, ఏడుపు వద్దు. గడియారం ఆపి, చేయెత్తి ఆర్బిటర్‌ను పిలవాలి. ర్యాపిడ్‌లో ఎత్తులు రాయడం తప్పనిసరి కాదు కాబట్టి ‘ముందు ఒక గడే జరిపాను’ అని ఎదుటివాడంటే రుజువు ఉండదు. అందుకే ఎత్తు పడిన వెంటనే అడగడం మేలు.

రాసేటప్పుడు చేరిన గడి పేరే రాయాలి (ఎక్స్ అంటే కొట్టడం): ఈఎక్స్‌డీ6. డీ5 అని రాస్తే తప్పు. చివర ఈ.పీ. (ఎన్ పాసాంట్ పొడి అక్షరాలు) చేర్చడం ఐచ్ఛికం. ఒకే స్థానం (బోర్డు మీద పావుల అమరిక) మూడుసార్లు వచ్చిందని డ్రా అడిగేటప్పుడు కూడా ఇది అడ్డొస్తుంది: మొదటిసారి ఎన్ పాసాంట్ హక్కు ఉండి, తర్వాత పోయి ఉంటే ఆ రెండూ ఒకే స్థానం కావు. ఫోన్ యాప్‌లో స్థానం ఎక్కించి ‘ఎందుకు కొట్టనివ్వట్లేదు’ అని అడిగేవాళ్లకు జవాబూ ఇదే. ఫెన్ (స్థానాన్ని యాప్‌కు ఒకే వరుసలో రాసిచ్చే పద్ధతి) వరుసలో నాలుగో భాగం ఈ హక్కుది. అక్కడ గీత ఉంటే యాప్‌కు ఆ సంగతి తెలియదు. ఒక ఎత్తు వెనక నుంచి స్థానం పెట్టి, బంటును మీరే దూకించండి.

ఇంట్లో సాధన చేయించడానికి నాలుగు స్థానాలు చాలు. ఒకటి, తెల్ల బంటు ఈ5లో, నల్లవి డీ7, ఎఫ్7లలో: మీరు ఒకసారి ఒక గడి, ఒకసారి రెండు గళ్లు జరపండి, కొట్టొచ్చో లేదో వాడు వెంటనే చెప్పాలి. రెండు, పైన చెప్పిన ఏ5 రాజు, హెచ్5 ఏనుగు. మూడు, తెల్ల రాజు సీ4లో, బంటు ఈ5లో, డీ5 దూకుడుతో షా. నాలుగు, జీ5 తాళం: నల్ల రాజును ఒకసారి డీ7లో, ఒకసారి ఈ7లో పెట్టి చివరిదాకా ఆడించండి. తర్వాత రంగులు మార్చండి. నల్లవాళ్లుగా ఆడుతూ నాలుగో వరుసలో, తెల్ల బంటు డీ2 నుంచి డీ4కు దూకినప్పుడు ఈ4 నల్ల బంటు డీ3లోకి వెళ్లడం చాలామంది పిల్లలకు చేయి తిరగదు. పది నిమిషాలు ఎక్కువ అక్కడే కూర్చోండి.